ఇంగ్లండ్ పల్లె పబ్‌కి వెళ్లడం ఎలా: రియల్ ఏల్, సైడర్ రుచి చూడాలనుకునేవారికి పూర్తి గైడ్

చదువుకో ఉద్యోగానికో ఇంగ్లండ్ వచ్చిన మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్న ఇది: "పక్క ఊళ్లో పాత పబ్ ఉంది, రియల్ ఏల్, సైడర్ బాగుంటాయట. వెళ్లాలనే ఉంది కానీ లోపలికెళ్లాక ఎవరిని అడగాలి, ఏం అడగాలి, ఎక్కడ కూర్చోవాలి?" సిటీలో చెయిన్ పబ్‌లో కూర్చుని యాప్‌లో ఆర్డర్ పెట్టడం అలవాటైనవాళ్లకి పల్లె పబ్ గుమ్మం దగ్గర కాస్త టెన్షన్ ఉండటం సహజం.

పల్లె పబ్‌లో పూట బాగా గడవాలంటే ముఖ్యంగా రెండు కావాలి: ఇంటి దగ్గరే చేసుకునే ఏర్పాట్లు, కౌంటర్ దగ్గర అడిగే మొదటి ప్రశ్న. అందుకే ఈ రెండింటి గురించే ఎక్కువ రాస్తున్నాను.

## 1. ముందు ఏది ఏమిటో తెలుసుకోండి

రియల్ ఏల్. ఏల్ అంటే ఒక రకం బీరు. రియల్ ఏల్‌నే కాస్క్ (పీపా) ఏల్ అని కూడా అంటారు. పీపాలో ఈస్ట్ ఇంకా బతికే ఉంటుంది కాబట్టి పబ్ సెల్లార్‌కి (నేలమాళిగకి) చేరాక కూడా ఇది నెమ్మదిగా పులుస్తూనే ఉంటుంది. బయటి నుంచి గ్యాస్ ఎక్కించరు. కౌంటర్ మీదున్న చేతిపంపుతో సెల్లార్ నుంచి పైకి లాగి గ్లాసులో పోస్తారు. కొన్ని పాత పబ్బుల్లో పీపాకే కుళాయి బిగించి నేరుగా పడతారు.

సెల్లార్ ఉష్ణోగ్రత 11 నుంచి 13 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది. ఏల్ కూడా అంతే చల్లగా వస్తుంది. ఐస్‌లా ఉండే లాగర్ బీరుకి అలవాటుపడ్డ నాలుకకి మొదటి గుక్క "చల్లగా లేదే" అనిపిస్తుంది. అది లోపం కాదు. మరీ చల్లబరిస్తే ఈ ఏల్‌లో ఉన్న రుచులు తెలియవు.

ఇంకో సంగతి గుర్తుంచుకోండి. పీపా తెరిచాక ఏల్ మూడు రోజుల్లో ఖర్చయిపోవాలి. ఆ తర్వాత గాలి తగిలి చప్పబడుతుంది, పులుపెక్కుతుంది. ఏ పబ్‌కి వెళ్లాలి, ఏ రోజు వెళ్లాలి, ఏ పంపు అడగాలి అన్న ప్రశ్నలన్నిటికీ జవాబు ఈ ఒక్క సంగతిలోంచే వస్తుంది.

రియల్ సైడర్. ఆపిల్ రసాన్ని పులియబెట్టి చేస్తారు. సూపర్‌మార్కెట్ సీసాల్లో దొరికే తియ్యటి, బుడగల సైడర్‌తో దీన్ని పోల్చుకోవద్దు. ఇందులో గ్యాస్ ఉండదు, చాలాసార్లు మసగ్గా ఉంటుంది, ఘాటు కూడా ఎక్కువ. పియర్ పండ్లతో చేసేదాన్ని పెర్రీ అంటారు.

## 2. పబ్‌ని ఎంచుకోండి

కాస్క్ ఏల్‌ని కాపాడటానికి 1971లో మొదలైన వినియోగదారుల సంఘం క్యామ్రా. వాళ్లు ఏటా గుడ్ బీర్ గైడ్ అనే పుస్తకం వేస్తారు. మీ దగ్గర్లోని పబ్‌లో రియల్ ఏల్ ఉందా, రియల్ సైడర్ ఉందా అన్నది క్యామ్రా వెబ్‌సైట్‌లో వెతకవచ్చు. పబ్ తలుపు పక్కన కాస్క్ మార్క్ ఫలకం ఉంటే అక్కడి ఏల్ ఉష్ణోగ్రత, రుచి బయటి మనిషి వచ్చి పరీక్షించినట్టు లెక్క.

పంపులు ఎన్ని ఎక్కువుంటే అంత మంచి పబ్ అనుకోవద్దు. చిన్న ఊళ్లో పది పంపులు పెడితే పీపాలు సమయానికి ఖాళీ కావు. మూడు నాలుగు పంపులతో, జనం బాగా తిరిగే పబ్‌నే నేను ఎంచుకుంటాను.

రెడింగ్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లకి ఆల్డ్‌వర్త్ ఊళ్లోని బెల్ ఇన్ మంచి ఉదాహరణ. ఆక్స్‌ఫర్డ్ వైపు వెళ్లే లోకల్ రైలెక్కి గోరింగ్ అండ్ స్ట్రీట్లీ స్టేషన్‌లో దిగితే అక్కడి నుంచి సుమారు 4 మైళ్లు, చాలావరకు ఎగువ దారి. దక్షిణ తీరంలో, డోర్సెట్‌లోని వర్త్ మాట్రవర్స్‌లో స్క్వేర్ అండ్ కంపాస్ ఇంకొకటి. అది సైడర్‌కి కూడా పేరున్న చోటు. ఈ రెండింటిలో మనకు తెలిసిన పొడవాటి బార్ కౌంటర్ ఉండదు. గోడలో చిన్న కిటికీలాంటిది ఉంటుంది, అక్కడే నిలబడి అడిగి తీసుకోవాలి.

## 3. బయల్దేరే ముందు చేసుకోవాల్సినవి

పల్లె పబ్ విషయంలో మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. పది మైళ్లు వెళ్లాక తలుపు మూసి ఉండటం, తెరిచి ఉన్నా వంటగది కట్టేసి ఉండటం, తిరుగు బస్సు లేకపోవడం.

- తెరిచే వేళలు: సోమవారం మూసేసే పల్లె పబ్‌లు చాలా ఉన్నాయి. మధ్యాహ్నం 3 నుంచి సాయంత్రం 5, 6 దాకా విరామం ఇచ్చేవీ ఉన్నాయి. మ్యాప్‌లో చూపించే వేళలు నమ్మి బయల్దేరకండి. ఒక ఫోన్ చేయండి.
- వంటగది వేళలు: పబ్ వేళలు వేరు, వంటగది వేళలు వేరు. సాధారణంగా మధ్యాహ్నం 12 నుంచి 2, 2:30 దాకా, మళ్లీ సాయంత్రం 6 నుంచి 9 దాకా. ఆదివారం సాయంత్రం చాలాచోట్ల వంట ఉండదు.
- టేబుల్: ఆదివారం మధ్యాహ్న భోజనానికైనా, నలుగురికి మించి వెళ్తున్నా ముందే చెప్పాలి.
- గుర్తింపు పత్రం: మద్యం కొనడానికి 18 ఏళ్లు నిండాలి. 25 ఏళ్లలోపు కనిపించినవాళ్లని ఐడీ అడగడం చాలా పబ్‌లలో నియమం. విద్యార్థులు ముఖ్యంగా గమనించాలి: ఈ-వీసా వచ్చాక చేతిలో కార్డు ఉండదు, ఫోన్‌లో స్టేటస్ చూపిస్తే పబ్‌లో ఒప్పుకోరు. పాస్‌పోర్ట్ కానీ యూకే ప్రొవిజనల్ లైసెన్స్ (డ్రైవింగ్ నేర్చుకునేవాళ్లకిచ్చే కార్డు) లాంటిది కానీ కావాలి. పాస్‌పోర్ట్ వెంట తిప్పడం ఇష్టం లేకపోతే ప్రొవిజనల్ లైసెన్స్ తీసి పెట్టుకోవడం మేలు.
- తిరుగు ప్రయాణం: చివరి బస్సు వేళ స్క్రీన్‌షాట్ తీసుకోండి. పల్లెల్లో ఉబర్ దొరకదనే అనుకోండి. లోకల్ టాక్సీని మధ్యాహ్నమే బుక్ చేసుకోవాలి. లోయలో ఉండే ఊళ్లలో సిగ్నల్ కూడా ఉండకపోవచ్చు.
- నగదు: కార్డు చాలాచోట్ల తీసుకుంటారు. అయినా 20 పౌండ్లు జేబులో ఉంచుకోండి. పింట్ ధర చాలాచోట్ల 4 నుంచి 6 పౌండ్ల మధ్య ఉంటుంది.
- చెప్పులు, టార్చ్: పొలం దారుల్లో నడిచి వెళ్తే బూట్లకి బురద అంటుతుంది. గుమ్మం దగ్గర తుడుచుకోవడమో, విప్పడమో చేయాలి. రాత్రి తిరిగొచ్చే సందుల్లో ఫుట్‌పాత్ ఉండదు, దీపాలుండవు. టార్చ్, లేతరంగు కోటు తప్పనిసరి.

## 4. ఏ రోజు, ఏ వేళ

ఏల్ తాజాగా కావాలంటే శుక్రవారం సాయంత్రం, శనివారం, ఆదివారం మధ్యాహ్నం. జనం ఎక్కువ, పీపాలు త్వరగా ఖాళీ అవుతాయి. మాట్లాడటానికి తీరిక కావాలంటే శనివారం మధ్యాహ్నం తెరవగానే వెళ్లండి. మొదటిసారి వెళ్లేవాళ్లకి నేను చెప్పేది ఇదే వేళ. పోసేవాళ్లకి మీ ప్రశ్నలకు జవాబు చెప్పే ఓపిక ఉంటుంది, మీకు నచ్చిన మూల దొరుకుతుంది.

వారాంతం రద్దీ అయ్యాక సోమ, మంగళవారాల్లో వెళ్తే అప్పటికే మూడు రోజులైన పీపా మీ వంతు కావచ్చు.

## 5. గుమ్మం దాటాక మొదటి ఐదు నిమిషాలు

కూర్చుని వెయిటర్ కోసం ఎదురుచూడకండి, ఎవరూ రారు. నేరుగా కౌంటర్ దగ్గరకు వెళ్లాలి.

అక్కడ వరస కనిపించదు కానీ ఉంటుంది. మీకంటే ముందు ఎవరున్నారో చూసి గుర్తుపెట్టుకోండి. మీ వంతు రాకముందే మిమ్మల్ని అడిగితే పక్కన మనిషిని చూపించి "దే వర్ నెక్స్ట్" అనండి. ఆ ఒక్క మాటతో మీమీద మంచి అభిప్రాయం కలుగుతుంది.

చెయ్యి ఊపడం, చిటికె వేయడం, నోటు చూపించడం, "బాస్", "హలో బ్రదర్" అని పిలవడం వద్దు. కళ్లు కలిసినప్పుడు చిన్నగా తల ఊపితే చాలు. మాట చివర ప్లీజ్, అందుకున్నాక "చీర్స్".

కౌంటర్ మూల స్టూలు ఖాళీగా కనిపించినా వెంటనే కూర్చోకండి. అది రోజూ వచ్చే పెద్దాయనది కావచ్చు. "ఈజ్ ఎనీవన్ సిటింగ్ హియర్?" అని అడగండి.

డ్రింక్ తీసుకున్నప్పుడే డబ్బు కట్టేస్తారు. తిండి కూడా చెప్తే టేబుల్ నంబర్ అడుగుతారు కాబట్టి ముందే చూసుకోండి. డ్రింక్స్‌కి టిప్ ఇవ్వనక్కర్లేదు. బాగా చూసుకున్నారనిపిస్తే "అండ్ వన్ ఫర్ యువర్‌సెల్ఫ్" అనడం అక్కడి పద్ధతి. వాళ్లు ఒక డ్రింక్ ఖరీదో, కొంత చిల్లరో కలుపుకుంటారు.

## 6. పంపుల ముందు: ఏది తీసుకోవాలి

ప్రతి చేతిపంపు మీదా ఒక బ్యాడ్జీ ఉంటుంది. దాని మీద తయారీదారు పేరు, ఏల్ పేరు, ఆల్కహాల్ శాతం ఉంటాయి. బ్యాడ్జీ వెనక్కి తిప్పి ఉంటే ఆ పీపా అయిపోయిందని, లేదా ఇంకా సిద్ధం కాలేదని అర్థం. దాన్ని అడగొద్దు.

మొదటి అడుగు: ప్రశ్న. "వాట్స్ డ్రింకింగ్ వెల్ టుడే?" అని అడగండి. ఈ రోజు ఏది మంచి స్థితిలో ఉందో పోసేవాళ్లకి తెలిసినంత ఎవరికీ తెలియదు. ఏ పీపా పొద్దున తెరిచారో, ఏది అడుక్కి వచ్చిందో వాళ్ల చేతికి తెలుసు. ఇంటర్నెట్‌లో మంచి రేటింగ్ ఉన్న ఏల్ కంటే ఈ పూట తాజాగా ఉన్న మామూలు బిటర్ ఎన్నో రెట్లు నయం.

రెండో అడుగు: మీ ఇష్టం చెప్పండి. శైలుల పేర్లు తెలియకపోయినా పర్వాలేదు. చేదు ఇష్టమా, తేలికగా ఉండాలా, కాఫీ ఘాటు ఇష్టమా అన్నది చెబితే చాలు. గుర్తుకోసం:

- గోల్డెన్ ఏల్: లాగర్ తాగేవాళ్లు మొదలుపెట్టడానికి సులువైనది. లేత రంగు, నిమ్మ, నారింజ తొక్క వాసన.
- బిటర్: పల్లె పబ్‌లో రోజువారీ ఏల్. రాగి రంగు, సుమారు 3.5 నుంచి 4 శాతం. బెస్ట్ బిటర్ ఆల్కహాల్‌లో దీనికంటే ఒక మెట్టు పైన.
- మైల్డ్: ఎక్కువగా ముదురు రంగు, చేదు తక్కువ, ఆల్కహాల్ కూడా తక్కువే. కనిపిస్తే వదలకండి, అన్నిచోట్లా దొరకదు.
- పోర్టర్, స్టౌట్: నలుపు. మాడ్చిన గింజల వల్ల కాఫీ, చాక్లెట్ రుచి.

మూడో అడుగు: కొంచెం రుచి. "కుడ్ ఐ ట్రై ఎ లిటిల్ ఆఫ్ దట్, ప్లీజ్?" అంటే చిన్న గ్లాసులో ఒక గుక్క ఇస్తారు. ఒకటి రెండు అడగొచ్చు. వెనకాల జనం నిలబడి ఉంటే అడగొద్దు. పంపులన్నీ వరసగా రుచి చూడటం మర్యాద కాదు.

నాలుగో అడుగు: హాఫ్ అడగండి. పింట్ అంటే 568 మిల్లీలీటర్లు, హాఫ్ అంటే 284. కొన్నిచోట్ల మూడో వంతు గ్లాసు కూడా ఇస్తారు. హాఫ్ అడిగితే చిన్నచూపు చూస్తారన్న భయం మనవాళ్లలో, ముఖ్యంగా మగవాళ్లలో, ఉంది. ఏల్ రుచి ఎరిగినవాళ్లే హాఫ్‌లు ఎక్కువ తీసుకుంటారు. ఒక పింట్ బదులు రెండు హాఫ్‌లు తీసుకుంటే రెండు రుచులు తెలుస్తాయి.

ఐదో అడుగు: వరస. ఆల్కహాల్ తక్కువున్నదానితో మొదలుపెట్టి ఎక్కువున్నదానికి, లేతరంగు నుంచి ముదురుకి వెళ్లండి. స్టౌట్ తర్వాత గోల్డెన్ ఏల్ తాగితే నీళ్లలా ఉంటుంది. మధ్యలో మంచినీళ్లు అడగండి. ఇంగ్లండ్‌లో మద్యం అమ్మే పబ్‌లు కుళాయి నీళ్లు ఉచితంగా ఇవ్వాలని నియమం ఉంది.

నురగ గురించి ఒక మాట. ఉత్తరాదిలో పంపు మూతికి స్పార్క్లర్ అనే చిన్న జల్లెడ బిగిస్తారు, దాంతో నురగ చిక్కగా వస్తుంది. దక్షిణాన పలచటి పొర మాత్రమే ఉంటుంది. రెండూ సరైనవే.

## 7. సైడర్ దగ్గర జాగ్రత్త

సైడర్ చాలాసార్లు పంపు మీద కనిపించదు. కౌంటర్ వెనక అట్టపెట్టెలోనో, చిన్న పీపాలోనో ఉంటుంది. గోడ మీది సుద్దపలక చూడండి, లేదా అడగండి. డ్రై, మీడియం, స్వీట్ అని మూడు రకాలు. మొదటిసారికి మీడియం సరిపోతుంది.

సోమర్‌సెట్, హెరెఫర్డ్‌షైర్ వైపు సైడర్ కోసమే పెంచే ఆపిల్స్ ఉంటాయి: కింగ్‌స్టన్ బ్లాక్, డాబినెట్, యార్లింగ్‌టన్ మిల్ లాంటివి. కొరికి తినే ఆపిల్‌లో లేని వగరు వీటిలో ఉంటుంది. నేరేడు పండు తిన్నాక నాలుక పట్టేసినట్టుంటుందే, డ్రై సైడర్ మొదటి గుక్క అలాగే ఉంటుంది. రెండో గుక్క దాకా ఆగి తీర్పు చెప్పండి.

ఇక అసలు జాగ్రత్త. పల్లె సైడర్ 6, 7 శాతం ఉండటం మామూలే. గ్యాస్ లేదు, చేదు లేదు కాబట్టి జ్యూస్‌లా దిగిపోతుంది. బ్రిటన్‌లో ఆల్కహాల్‌ని యూనిట్లలో లెక్కిస్తారు, ఒక యూనిట్ అంటే 10 మిల్లీలీటర్ల శుద్ధ ఆల్కహాల్. 4 శాతం ఏల్ పింట్‌లో 2.3 యూనిట్ల ఆల్కహాల్ ఉంటే, 6.5 శాతం సైడర్ పింట్‌లో 3.7 ఉంటాయి. వారానికి 14 యూనిట్లు దాటొద్దని, అవీ మూడు రోజులకో అంతకన్నా ఎక్కువ రోజులకో సర్దుకోవాలని బ్రిటన్ వైద్యాధికారుల సలహా. సైడర్‌ని హాఫ్‌లోనే తీసుకోండి, ఖాళీ కడుపుతో వద్దు, చివరి డ్రింక్‌గా అసలే వద్దు.

## 8. గ్లాసులో తేడా అనిపిస్తే

| ఏం కనిపించింది | ఏం చేయాలి |
|---|---|
| ఏల్‌లో వెనిగర్ వాసన, పులుపు | వెంటనే వెనక్కి తీసుకెళ్లండి |
| మసగ్గా ఉంది, వాసన బాగానే ఉంది | "ఈజ్ ఇట్ మెంట్ టు బి హేజీ?" అని అడగండి, కొన్ని ఏల్‌లు అలాగే చేస్తారు |
| అడుగున మడ్డి, తేలే ముక్కలు | పీపా అడుగుకి వచ్చి ఉంటుంది, మార్చమనండి |
| సైడర్ మసగ్గా ఉంది | సహజమే |
| నురగ ఎక్కువ, ఏల్ తక్కువ | "కుడ్ ఐ హావ్ ఎ టాప్-అప్, ప్లీజ్?" |
| రుచి నచ్చలేదు అంతే | అది లోపం కాదు, తాగండి లేదా వదిలేయండి |

వెనక్కి ఇవ్వాల్సి వస్తే రెండు గుక్కల్లోపే ఇవ్వండి. సగం తాగాక ఫిర్యాదు చేస్తే ఎవరూ నమ్మరు. గొంతు పెంచకుండా "సారీ, ఐ థింక్ దిస్ మైట్ బి ఆన్ ది టర్న్" (ఇది పాడవుతున్నట్టుంది) అంటే చాలు. మంచి పబ్‌లో వాసన చూసి మారుస్తారు, అవసరమైతే ఆ పీపానే ఆపేస్తారు. నిజానికి చెప్పడమే వాళ్లకు మేలు. మొహమాటపడి చెత్త ఏల్ తాగి, "రియల్ ఏల్ అంటే ఇంతే" అనుకుని వచ్చేవాళ్లని చూస్తే నాకు బాధగా ఉంటుంది.

## 9. తిండి: శాకాహారులు తప్పక చదవాల్సిన భాగం

ముందు గ్లాసు సంగతి. చాలా కాస్క్ ఏల్‌లని తేటగా చేయడానికి చేప తిత్తి నుంచి తీసిన ఐసింగ్లాస్ అనే పదార్థం వాడతారు. అది మడ్డిని పట్టుకుని పీపా అడుగుకి దిగుతుంది. కచ్చితమైన శాకాహారులైతే "అన్‌ఫైన్డ్" లేదా "వీగన్" ఏల్ ఉందా అని అడగండి. ఈ మధ్య చాలామంది అలాంటివి చేస్తున్నారు.

తిండిలో అడిగి తెలుసుకోవాల్సినవి:

- చిప్స్ (ఫ్రెంచ్ ఫ్రైస్ లాంటివి) ఏ నూనెలో వేయిస్తారు? కొన్నిచోట్ల గొడ్డు కొవ్వులో, కొన్నిచోట్ల చేప వేయించిన నూనెలోనే వేయిస్తారు.
- పోర్క్ స్క్రాచింగ్స్ ప్యాకెట్ చిప్స్ ప్యాకెట్ల పక్కనే వేలాడుతుంది. అది పంది చర్మం.
- స్కాచ్ ఎగ్ గుడ్డే కదా అని తీసుకోవద్దు. గుడ్డు చుట్టూ పంది ఖీమా ఉంటుంది.
- ఆదివారం రోస్ట్‌లో (కాల్చిన మాంసం, కూరగాయల భోజనంలో) కూరగాయల ప్లేట్ అడిగినా, గ్రేవీ మాంసం రసంతో చేసిందా, పక్కన పెట్టే యార్క్‌షైర్ పుడ్డింగ్ (పిండి, గుడ్లతో చేసేది) కొవ్వులో కాల్చారా అని విడిగా అడగాలి.

అన్నిటికంటే సులువు ప్లౌమన్స్ లంచ్: చీజ్, బ్రెడ్, ఊరగాయ, ఆపిల్ ముక్కలు. అందులో హామ్ వేస్తారేమో అడిగి, తీసేయమంటే సరి. బిటర్‌తో చెడర్ చీజ్ బాగా కుదురుతుంది.

## 10. గుంపుగా వెళ్తే

అక్కడ పద్ధతి రౌండ్లు. ఒకరు అందరికీ కొంటారు, తర్వాతి సారి ఇంకొకరు. "బిల్లు నేను కడతా" అని కౌంటర్ దగ్గర చేతులు పట్టుకుని లాక్కోవడం మన ప్రేమే కానీ, వెనక వరస ఆగిపోతుంది. ఎవరి రౌండ్ ఎప్పుడో టేబుల్ దగ్గరే తేల్చుకోండి.

ఆరేడుగురైతే రౌండ్లు వద్దు. ఒక్కొక్కరూ ఆరేడు డ్రింకులు తాగేయాల్సి వస్తుంది. తలా 10 పౌండ్లు ఒకచోట వేసి, ఒక మనిషికి అప్పగించండి. డ్రింక్స్ అన్నీ ఒకేసారి చెప్పండి. గిన్నెస్ (ఒక స్టౌట్) ఉంటే ముందు చెప్పండి, అది గ్లాసులో తేరుకోవడానికి సమయం పడుతుంది.

తాగనివాళ్లు వెనకాడక్కర్లేదు. లైమ్ అండ్ సోడా, ఆల్కహాల్ లేని బీరు, కాఫీ చాలాచోట్ల దొరుకుతాయి, ఎందుకు తాగట్లేదని ఎవరూ అడగరు. వేసవిలో ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలని తీసుకెళ్లడానికి పల్లె పబ్ తోట మంచి చోటు. మధ్యాహ్న భోజనానికి తీసుకెళ్లండి. పిల్లలుంటే ఎన్నింటిదాకా ఉండనిస్తారో ఫోన్‌లోనే అడగండి. కుక్కలు లోపలే తిరుగుతుంటాయి, భయపడేవాళ్లుంటే బయట బల్ల అడగండి.

మాటలు కలపాలంటే వాన, కుక్క, క్రికెట్, చుట్టుపక్కల నడకదారులు. జీతం, ఇంటి అద్దె గురించి మొదటి పరిచయంలో అడగకండి. తెలుగులో మాట్లాడుకోవడంలో తప్పేం లేదు, గొంతు మాత్రం గదికి తగ్గట్టు ఉంచండి.

## 11. బయటపడటం, ఇల్లు చేరడం

మూసే ముందు గంట కొడతారు, లేదా "లాస్ట్ ఆర్డర్స్" అని కేకేస్తారు. ఇంకో డ్రింక్ కావాలంటే అప్పుడే. రెండోసారి "టైమ్" అన్నాక అడగకూడదు. వెళ్తూ ఖాళీ గ్లాసులు కౌంటర్ మీద పెట్టి, థాంక్యూ చెప్పి రండి. మళ్లీ వెళ్లినప్పుడు గుర్తుపడతారు.

కారు విషయంలో రాజీ వద్దు. ఇంగ్లండ్, వేల్స్‌లో పరిమితి 100 మిల్లీలీటర్ల శ్వాసలో 35 మైక్రోగ్రాములు. స్కాట్లండ్‌లో ఇంకా తక్కువ, 22. ఎన్ని పింట్లు తాగితే అది దాటుతుందో ఒక్కొక్క ఒంటికి ఒక్కోలా ఉంటుంది కాబట్టి "ఒక్కటే కదా" అన్న లెక్క పనికిరాదు. పట్టుబడి శిక్ష పడితే కనీసం 12 నెలలు లైసెన్స్ పోతుంది, జరిమానాకు పరిమితి లేదు, 6 నెలల దాకా జైలు కూడా పడొచ్చు. తర్వాత వీసా, ఐఎల్ఆర్ (శాశ్వత నివాస అనుమతి) దరఖాస్తుల్లో ఆ శిక్ష గురించి రాయాల్సి ఉంటుంది. నడిపే మనిషిని ఇంటి దగ్గరే తేల్చుకోండి, ఆ మనిషికి హాఫ్ కూడా వద్దు.

మర్నాటి పొద్దు సంగతి కూడా చూసుకోవాలి. ఒంట్లోంచి ఆల్కహాల్ సుమారుగా గంటకు ఒక యూనిట్ చొప్పున తగ్గుతుంది. స్నానం, కాఫీ, పెరుగన్నం దాన్ని తొందర పెట్టవు. 4 శాతం ఏల్ నాలుగు పింట్లు అంటే 9 యూనిట్లు దాటినట్టే. రాత్రి 11కి ఆపినవాళ్లకి ఉదయం 8 దాటినా ఒంట్లో ఇంకా కొంత మిగిలి ఉండొచ్చు. ఆదివారం పొద్దున్నే క్రికెట్‌కో గుడికో కారు తీయాల్సి ఉంటే, శనివారం రాత్రి రెండు హాఫ్‌లతో ఆపండి, లేదా పొద్దున వేరేవాళ్ల కారులో వెళ్లండి.